పొట్టి స్టూలు

పోయిన వారం అద్దం మేడమ్‌ని చెల్లెలి ఇంటి మెట్ల కింద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఒక కాలు మొదటి మెట్టు మీద, ఇంకో కాలు వీధిలో. భుజాన బ్యాగు, చేతిలో తెల్లటి అట్టపెట్టె. ఎక్కుదామంటే ముఖం చెల్లడం లేదు. వెనక్కి పోదామంటే ఆఫీసులో డైరెక్టరు ఊరుకోడు.

ఎందుకు చెల్లడం లేదో కొత్తగా వచ్చినవాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. కథ తెలిసినవాళ్లు పైకి వెళ్లి కూర్చోండి, వచ్చేస్తాం. కూర్చోడానికి ఏమైనా దొరికితేనే లెండి.

ఆ పెట్టెలో ఉన్నది బొత్తాలు లేని ఫోను. ఇప్పుడు వింటే ఇందులో వింతేముంది అనిపిస్తుంది గానీ, ఆ రోజుల్లో ఫోనంటే బొత్తాలే. బొత్తాలు తీసేసి, ముందువైపంతా అద్దం పెట్టి, వేలితో ముట్టుకుంటే పనిచేస్తుందంటే విన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఇవాళ బస్సులో, వరసల్లో, మంచం మీద ఎక్కడ చూసినా జనం వేలితో అద్దం రుద్దుతున్నారే, ఆ అలవాటుకి ఈ ఫోను తల్లి కాకపోయినా మేనత్తయినా అవుతుంది. మన కథలో అది రేపు పొద్దున లోకం ముందుకి రాబోతోంది.

వేలి స్పర్శని కనిపెట్టే ఆ పై అద్దం పని మొత్తం మన మేడమ్‌ది. అందుకే ఆఫీసంతా ఆవిడని అద్దం మేడమ్ అంటారు. అద్దం కింద అక్షరాల మీటలు గీసి, ఏ వేలు ఎక్కడ పడితే ఏ అక్షరం రావాలో రాసినవాడు ఆవిడ సొంత చెల్లెలి భర్త. ఉద్యోగంలో చేర్పించింది కూడా ఆవిడే. "మా మరిది రాస్తే వంక పెట్టడానికి ఉండదు," అని అందరితో చెప్పుకుని మురిసిపోయింది కూడా.

తీరా ఆఫీసువాళ్లకి ముందుగా కొన్ని ఫోన్లు ఇచ్చాక వంక బయటపడింది. కింది వరుసలో అక్షరం నొక్కితే పై వరుసది పడుతోంది. పెద్ద పెద్ద బొమ్మల మీద నొక్కినప్పుడు తేడా తెలియదు. ఇరుకు ఇరుకు మీటల దగ్గరికి వచ్చేసరికి అంతా గందరగోళమే. మాట్లాడటం అయ్యాక నొక్కాల్సిన 'ఆపు' పట్టీ, దాని పైనే ఉన్న 'స్పీకరు' పట్టీ కూడా సన్నవే కాబట్టి, ఆపుదామని నొక్కితే మాట తెగకుండా స్పీకరు తెరుచుకుని, ఆఫీసులో సగం మంది ఇళ్ల గొడవలు మిగతా సగానికి తెలిసిపోయాయి. ఆ పట్టీలు గీసింది కూడా మరిదే. ఆ పాపం కూడా ఆయన నెత్తినే పడింది.

విచిత్రమేమిటంటే అద్దం మేడమ్ గదిలో, ఆవిడ బల్ల మీద మాత్రం అదే ఫోను బుద్ధిగా పనిచేసేది. ఎన్నిసార్లు చూసినా సరైన అక్షరమే. దాంతో ఆవిడకి ధీమా వచ్చేసింది. అందరూ ఉన్న సమావేశంలో లేచి, "నా అద్దంలో లోపం లేదు సార్. ఉంటే గింటే రాసినవాడి రాతలో ఉంటుంది," అనేసింది. మరిది ఏదో చెప్పబోయి లేచాడు. ఏం చెప్పాలో తోచక మళ్లీ కూర్చున్నాడు. మర్నాటికల్లా ఆయన్ని పని నుంచి తప్పించారు.

అంతటితో పోలేదు. ఆ ఫోను వెనక మూత ఊడదీస్తే, లోపలివైపు ప్లాస్టిక్ మీద ఉబ్బెత్తు అక్షరాలతో పనిచేసినవాళ్లందరి పేర్లూ ఉంటాయి. డైరెక్టరు సరదా అది. బ్యాటరీ మార్చేటప్పుడు తప్ప ఎవరూ చూడరు, అయినా ఉండాలన్నాడు. మరిదిని తప్పించగానే అచ్చుల మేస్త్రీని పిలిచి, మూతలు పోసే ఉక్కు అచ్చులో ఆయన పేరున్న చోటు పూడ్పించాడు. మేస్త్రీ పనిమంతుడు, నున్నగా అరగదీశాడు. ఆ మొదటి విడత ఫోను ఇప్పటికీ ఎవరైనా దాచుకుని ఉంటే, మూత తీసి లోపల వేలితో తడిమి చూడండి. పేర్ల మధ్యలో ఒకచోట నున్నగా తగులుతుంది.

మరిది పోయాక ఆయన స్థానంలో వచ్చినవాళ్లకి తలా తోకా దొరకలేదు. రేపే ఆవిష్కరణ. ఇవాళ మధ్యాహ్నం డైరెక్టరు మేడమ్‌ని పిలిచి, "మీ మరిది ఇంట్లో ఊరికే కూర్చునే రకం కాదు. ఏదో దిద్దుబాటు చేసే ఉంటాడు. బంధుత్వం ఉంది కదమ్మా, బతిమాలి పట్టుకురా," అన్నాడు. అదీ సంగతి. ఎవరి నోటి దగ్గర కూడు తాను లాగేసిందో ఆ మనిషినే సాయం అడగడానికి వచ్చి, మెట్ల కింద నిలబడి ఉంది మన మేడమ్.

పై నుంచి సుత్తి చప్పుడు వినిపిస్తోంది. టక్, టక్, టక్. చెల్లెలు పనిలో ఉందన్నమాట. ఆ చప్పుడు ఆగేదాకా ఆగుదామనుకుంది. అది ఆగలేదు. ఇక తప్పదని ఎక్కింది.

తలుపు తీసే ఉంది. చెల్లెలిది కుర్చీలు బాగుచేసే పని. కూర్చునేచోట చిరిగిన మెత్తటి గద్దెలు ఊడబీకి, కొత్త దూది కూరి, గుడ్డ లాగి కట్టి మేకులు కొడుతుంది. ముందుగది నిండా ఎవరెవరివో కుర్చీలు. చేతులున్నవి, చేతుల్లేనివి, ఒకదాని మీద ఒకటి కాళ్లు పైకెత్తుకుని ఉన్నవి. గదంతా జిగురు వాసన. చెల్లెలు ఒక కుర్చీని బోర్లించి దాని ముందు మోకాళ్ల మీద ఉంది. పెదాల మధ్య వరసగా మేకులు. అక్కని చూసింది. చూసి, ఇంకో రెండు మేకులు కొట్టింది. అప్పుడు తీరిగ్గా నోట్లోవి అరచేతిలోకి ఊసుకుంది.

"ఓహో, అద్దం మేడమ్ గారా! రండి రండి. ఏంటిలా వచ్చారు? ఆయన పేరు ఇంకా ఎక్కడైనా మిగిలిపోయిందా, చెరపడానికి?"

"అలా అనకే."

"మరెలా అనాలో నువ్వే నేర్పు. అంతమందిలో ఎలా అనాలో నీకే బాగా తెలుసు కదా." చెల్లెలు లేచి చేతులు దులుపుకుంది. "'రాసినవాడి రాతలో' అన్నావట. మరిది అని అనకపోతే పోనీ, మనిషికి పేరుంది కదే! అది కూడా నోటికి రాలేదా? రాసినవాడట, రాసినవాడు!"

అద్దం మేడమ్‌కి చెవులు వేడెక్కాయి. నిజమే, పేరు పెట్టలేదు. సమావేశంలో సొంత మనిషిని వెనకేసుకొస్తోందని ఎవరూ అనుకోకూడదని కావాలనే అలా అంది. అప్పుడు అది నిజాయితీ అనిపించింది. ఇప్పుడు ఈ కుర్చీల మధ్య నిలబడి వింటుంటే ఏవగింపుగా ఉంది.

"ఆయన చెప్పారా?" అంది.

"చెబితే బాగుణ్ణు. నీ మీదకి యుద్ధానికి వచ్చేదాన్ని. ఆయనేమన్నారో తెలుసా? 'వదిన అంది అంటే ఉండే ఉంటుంది, నేనే ఎక్కడో తప్పు చేసుంటాను' అన్నారు. అప్పట్నుంచి తిండి లేదు, నిద్ర లేదు. గెడ్డం కూడా గీసుకోకుండా ఆ గదిలో కూర్చుని తన తప్పు తాను వెతుక్కుంటున్నారు. కూర్చో. కుర్చీలకేం తక్కువ లేదు, నచ్చింది చూసుకో."

అద్దం మేడమ్ చుట్టూ చూసింది. ఒక్కదానికీ గద్దె లేదు. ఇంటి నిండా కుర్చీలే, కూర్చోడానికి ఒక్కటీ లేదు. చెల్లెలు కాలితో ఒక పొట్టి స్టూలుని ముందుకి తోసింది. తాను బల్ల దగ్గర పని చేసుకునేటప్పుడు వేసుకునేది. మేడమ్ దాని మీద కూర్చుంది. ఎదురుగా ఉన్న పనిబల్ల గుండెల దాకా వచ్చింది. తప్పు చేసినవాళ్లని కూర్చోబెట్టడానికి సరైన ఎత్తు అనుకుంది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. మరిది బయటికొచ్చాడు. చెల్లెలు చెప్పింది నిజమే, గెడ్డం మాసి ఉంది. కళ్లు లోపలికి పోయాయి. వదినని చూడగానే ఆయన ముఖం వెలిగింది. అలా వెలగకపోతే బాగుణ్ణు అనుకుంది మేడమ్. నాలుగు తిట్టినా ఇంతకంటే నయంగా ఉండేది.

"వదినా! ఎంతసేపైంది వచ్చి? ఏంటే, మంచినీళ్లయినా ఇచ్చావా?"

"అడగలేదు, ఇవ్వలేదు," అంది చెల్లెలు.

ఆయనే తెచ్చిచ్చాడు. గ్లాసు అందిస్తూ అన్నాడు, "నన్ను క్షమించాలి వదినా. మీరే కదా నన్ను చేర్పించింది. అందరి ముందూ మీకు తలవంపులు తెచ్చిపెట్టాను."

మేడమ్ గ్లాసు తాగకుండానే పనిబల్ల మీద పెట్టేసింది. చెల్లెలు సుత్తి పట్టుకుని ఇటే చూస్తోంది, విన్నావా అన్నట్టు.

"అలా అనకండి మరిదిగారూ," అంది చివరికి.

"అనకుండా ఎలా? మొత్తం మళ్లీ మొదటి నుంచి రాశాను. ఎక్కడ తప్పిందో దొరకట్లేదు. చేతిలో ఫోనన్నా ఉంటే నొక్కి చూసుకునేవాణ్ణి. అది వెనక్కి ఇచ్చేశాను కదా." ఆయన చూపు తెల్లపెట్టె మీద పడింది. "అది అదేనా?"

మేడమ్ పెట్టె విప్పి ఫోను తీసి పనిబల్ల మీద పెట్టింది. దూది పోగులూ మేకులూ పక్కకి జరిపి మరిది బల్లకి అటువైపు వంగి నిలబడ్డాడు. చిన్నపిల్లాణ్ణి చాన్నాళ్లకి చూసినట్టు చూస్తున్నాడు దాన్ని.

"ఏదో ఒకటి రాయండి వదినా. కింది వరుస అక్షరాలు ఎక్కువ వచ్చేలా."

ఆవిడ వేలు కదిలించింది. ఒక మాట రాసింది, ఇంకోటి రాసింది. ఒక్క అక్షరం తప్పలేదు.

"చూశారా!" మరిది చప్పట్లు కొట్టాడు. "మీకెప్పుడూ ఇంతే. మీ హస్తవాసి అలాంటిది వదినా. ఏదీ, నన్ను చూడనివ్వండి." ఫోను చేతిలోకి తీసుకుని, నిలబడే నొక్కాడు. ముఖం వాడిపోయింది. "ఇదిగో, మళ్లీ పై వరుస. నా వేలే మంచిది కాదు." నవ్వబోయాడు గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఫోను బల్ల మీద పెట్టి, "ఉండండి, ఒక దిద్దుబాటు చేశాను, తెస్తాను," అంటూ లోపలికి వెళ్లాడు.

అద్దం మేడమ్ ఊరికే, చేతులకి ఏదో ఒక పని ఉండాలని, ఫోను తీసుకుని కళ్ల ముందుకి ఎత్తి అదే మాట మళ్లీ నొక్కింది.

తప్పు పడింది.

మళ్లీ నొక్కింది. మళ్లీ తప్పే. ఫోను బల్ల మీద పడుకోబెట్టి నొక్కింది. సరిగ్గా పడింది. స్టూలు మీద నుంచి లేచి, నిలబడి, వంగి నొక్కింది. తప్పు. కూర్చుని నొక్కింది. ఒప్పు. లేచింది. తప్పు. కూర్చుంది. ఒప్పు.

"ఏంటే అది, ఇప్పుడా గుంజీళ్లు తీయడం?" అంది చెల్లెలు.

మేడమ్‌కి కళ్ల ముందు ఈ గది పోయి, ఆఫీసులో తన గది వచ్చి నిలబడింది.

దుమ్ము చొరబడని ఆ గదిలో అందరికీ చక్రాల కుర్చీలుండేవి. ప్రకటన కోసం ఫోటోలు తీయాలని ఒకరోజు వాటిని పట్టుకుపోయారు. మళ్లీ తెచ్చిన పాపాన పోలేదు. సరిగ్గా ఆరోజే మేడమ్ 'తల్లి ఫోను'కి చూపు నేర్పాలి. చూపు నేర్పడమంటే పెద్ద విద్యేం కాదు. తెర మీద నాలుగు మూలలా కూడిక గుర్తులు కనిపిస్తాయి, ఒక్కోదాన్నీ సరిగ్గా దాని మీదే నొక్కాలి. ఫలానా చోట వేలు పడితే ఫలానా గుర్తు అని ఫోను నేర్చుకుంటుంది. ఇలా ఒక్కో ఫోనుకీ విడివిడిగా నేర్పుతూ కూర్చుంటే తెల్లారుతుందని, ఒక తల్లి ఫోనుకి నేర్పి, అది నేర్చినదాన్నే మిగతా అన్నింటికీ ఎక్కించేయమన్నాడు డైరెక్టరు. కుర్చీ లేదు. పై అరలు అందుకోవడానికి వాడే పొట్టి స్టూలుంది. దాన్ని లాక్కుని కూర్చుంది. బల్ల గుండెల దాకా వచ్చింది. ఫోను బల్ల మీద పడుకుని ఉంది. ఆ కింది నుంచి, ఏటవాలుగా చూస్తూ, నాలుగు గుర్తులూ నొక్కింది. "నా కన్నే కొలబద్ద," అని పక్కవాళ్లతో జోకు కూడా వేసింది.

పై అద్దానికీ కింద వెలిగే తెరకీ మధ్య దళసరి సందు. గుర్తు ఉన్నది ఆ లోతులో, వేలు ఆగేది పై అద్దం మీద. ఏటవాలుగా చూసే కంటికి ఆ గుర్తు అసలు చోటు కంటే తన వైపుకి, కాస్త కిందుగా, కనిపిస్తుంది. ఆవిడ అక్కడే నొక్కింది. అద్దం పని అంతా తనదే, ఈ సందు పెట్టిందీ తనే. అయినా ఆరోజు తట్టలేదు. తర్వాత ఎన్ని పరీక్షలు చేసినా అదే స్టూలు, అదే బల్ల, అదే చూపు. తప్పు కనపడమంటే ఎలా కనపడుతుంది?

పెట్టెల్లోకి ఎక్కిన ప్రతి ఫోనూ పొట్టి స్టూలు మీద కూర్చుని లోకాన్ని చూస్తోంది. చేత్తో పట్టుకుని తిన్నగా చూసి నొక్కిన ప్రతివాడికీ పై అక్షరం పడుతోంది. రాసినవాడి రాతలో ఏ తప్పూ లేదు. ఆ మాట మనసులో అనుకోగానే సిగ్గుతో ఆవిడకి ఒళ్లు చచ్చిపోయింది.

మరిది తన దిద్దుబాటు ఎక్కించిన ఫ్లాపీ పట్టుకుని వచ్చాడు. దాన్ని ఇవ్వడానికే సంకోచపడుతున్నాడు.

"ఇందులో ఏం చేశానంటే వదినా, వేలు ఎక్కడ పడినా దాన్ని గోరంత కిందికి లాగేలా చేశాను. లెక్క ప్రకారం తప్పులు పోవాలి. కానీ ఎందుకు లాగాల్సి వస్తోందో మాత్రం తెలీదు. కారణం తెలీకుండా అతుకు వేసి పంపడం మహా సిగ్గుగా ఉంది. రేపటి పరువు కోసం ఒప్పుకున్నాను, అంతే."

"మరిదిగారూ..."

"మీ పేరు మీద ఇచ్చేయండి. నాదని తెలిస్తే డైరెక్టరు గారు ముట్టుకోరు. ఫోను బాగుంటే చాలు, పేరుదేముంది?"

కారణం ఆవిడ నాలుక చివర ఉంది. ఒక్క మాట చాలు. కానీ ఆ ఒక్క మాటతో ఏమేం పోతాయో కూడా అక్కడే లెక్కకొచ్చాయి. రేపటి సభ, ఉద్యోగం, ఇన్నేళ్లుగా అందరూ 'మేడమ్ చూశారంటే ఇక చూడక్కర్లేదు' అనే ఆ మాట. రేపటిది అయిపోనీ, ఎల్లుండి నిదానంగా చెబుదాం, అనుకుంది. ఇలా అనుకునేవాళ్లకి ఎల్లుండి ఎప్పుడొస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అతుకు పడితే తప్పు కనపడదు. తప్పు కనపడకపోతే ఎవరిదని ఎవరూ అడగరు. చెయ్యి చాచింది. ఫ్లాపీ తీసుకుంది.

"పుచ్చుకున్నావుగా," అంది చెల్లెలు మేకులు మళ్లీ పెదాల మధ్య పెట్టుకుంటూ. "ఇంకేం కావాలి? ఈయన చొక్కా కూడా విప్పివ్వమంటావా?"

"ఊరుకోవే!" అన్నాడు మరిది.

అద్దం మేడమ్ బ్యాగు తగిలించుకుని గబగబా గది దాటింది. ఆ తొందరలో బల్ల మీద ఫోను మర్చిపోయింది.

సగం మెట్లు దిగిందో లేదో బ్యాగులో ఆవిడ సొంత ఫోను మోగింది. అదీ ఈ రకమే, ఆఫీసువాళ్లకి ముందుగా ఇచ్చినవాటిలోది. మెట్టు మీద నిలబడి తీసింది. డైరెక్టరు. ఆయనకో అలవాటుంది. బల్ల మీది ఫోను స్పీకరులో పెట్టి గదిలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా మాట్లాడతాడు. మాటలయ్యాక ఫోను పెట్టేయడం తన పని కాదన్నట్టు అవతలివాళ్లకే వదిలేస్తాడు. వెనక నుంచి టక్ టక్ మని సన్నగా ఉలి చప్పుడు వస్తోంది.

"ఏమ్మా, ఇచ్చాడా?"

"ఇచ్చారు సార్."

"భేష్! నాకు తెలుసు, నువ్వు వెళితే పనవుతుందని. విను. రేపు వేదిక మీద ఫోనులో రాసి చూపించేది నువ్వే. ఇంకో సంగతి. ఆ మూతలో ఖాళీ చూడ్డానికి అసహ్యంగా ఉందమ్మా, పన్ను ఊడినట్టు. అచ్చుల మేస్త్రీ ఇక్కడే నా ముందే ఉన్నాడు. రెండో విడత మూతలకి ఆ చోట్లో నీ పేరు చెక్కమన్నాను. కాస్త పెద్దక్షరాల్లో. ఇదిగో, మొదటి అక్షరం మొదలుపెట్టేశాడు."

"వద్దు సార్," అంది ఆవిడ.

"నీ మంచితనం నాకు తెలీదా? కొన్ని అడక్కుండానే రావాలమ్మా. సరే, త్వరగా వచ్చేయ్."

ఆవిడ మెట్టు మీద నిలబడే 'ఆపు' నొక్కింది. ఫోను బ్యాగులో పడేసింది. గోడకి ఆనుకుంది.

చెరిపించింది చాలక ఆ చోట్లోనే తన పేరు! బ్యాటరీ మార్చుకునే ప్రతివాడికీ అక్కడ తన పేరు తగులుతుంది. చెల్లెలు ఏదో ఒకరోజు ఆ మూత తీయకుండా ఉంటుందా? మరిది తీస్తాడు. తీసి, నవ్వి, "మంచి చోటే దొరికింది వదినా," అంటాడు. నిజంగానే అంటాడు, వెటకారం లేకుండా. ఆ ఊహకి ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక ఆలోచించలేదు. వెనక్కి తిరిగి మెట్లెక్కింది.

"ఫోను మర్చిపోయారు కదా," అంటూ మరిది ఎదురొచ్చాడు.

"అది ఉండనివ్వండి. మీరొకసారి ఇక్కడ కూర్చోండి."

"ఎక్కడ?"

"ఈ స్టూలు మీద." బ్యాగు తీసి గద్దె లేని కుర్చీ చేతికి తగిలించింది. ఫోనుని పనిబల్ల మీద పడుకోబెట్టింది. "రాయండి. ఏదైనా సరే. కింది వరుస."

మరిది అయోమయంగా కూర్చున్నాడు. నెమ్మదిగా నొక్కాడు. ఒక అక్షరం. ఇంకొకటి. ఇంకొకటి. ఒక మాట పూర్తయింది. వెనకే మరో మాట. ఆయన వేలు పరుగెత్తడం మొదలుపెట్టింది.

"అరే! ఏవే, ఇటు చూడు! ఒక్కటీ తప్పట్లేదు! వదినా, మీ హస్తవాసి నాకూ అంటింది!" ఆ సంబరం చూసి మేడమ్ కళ్లు దించుకుంది.

"అది హస్తవాసి కాదు మరిదిగారూ."

చెల్లెలి సుత్తి గాల్లో ఆగింది. మొగుడు కూర్చున్న తీరు చూసింది. ఇందాక అక్క తీసిన గుంజీళ్లు గుర్తొచ్చాయి కాబోలు, అక్క వంక చూసింది. ఆ గొంతులో ఇప్పుడు వెటకారం లేదు.

"అక్కా, మీ ఆఫీసులో నువ్వు దేని మీద కూర్చుంటావే?"

చెప్పక తప్పని ప్రశ్న అది. అద్దం మేడమ్ తల ఎత్తలేదు.

"పొట్టి స్టూలు మీద. కుర్చీలు పట్టుకుపోయారు. తల్లి ఫోనుకి చూపు నేర్పింది నేనే, ఆ స్టూలు మీద కూర్చుని. కింది నుంచి ఏటవాలుగా చూస్తూ నొక్కాను. అన్ని ఫోన్లకీ అదే ఎక్కింది." ఊపిరి తీసుకుంది. "తప్పు అద్దంలో కూడా లేదు. నా చూపులో ఉంది. నేనే మిమ్మల్ని..." ఆ మాట పూర్తిచేయలేకపోయింది.

మరిది స్టూలు మీద నుంచి లేవలేదు. అరవలేదు. ఫోను వంక, బల్ల వంక, తన కళ్లున్న ఎత్తు వంక చూసుకున్నాడు. లోపల లెక్క కడుతున్నాడని తెలుస్తూనే ఉంది. లెక్క తేలాక ఆయన గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది.

"అయితే, నేను రాసిందాంట్లో తప్పు లేదా?"

"లేదు. ఒక్క అక్షరం కూడా లేదు."

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. అన్నాళ్లుగా తనని తాను ఎలా కాల్చుకు తిన్నాడో ఆ భుజాలే చెప్పాయి. మేడమ్‌కి నేల చీలి లోపలికి పోతే బాగుణ్ణనిపించింది. చెల్లెలు సుత్తి బల్ల మీద పెట్టేసి, వచ్చి మొగుడి వీపు మీద చెయ్యి వేసింది.

"ఇంకా ఎవరికీ తెలీదు," అంది మేడమ్. "ఇప్పుడే వెళ్లి డైరెక్టరు గారికి... ఎలా మొదలుపెట్టాలో..."

టక్. టక్. టక్.

చెల్లెలు తల తిప్పి బల్ల మీది సుత్తి వంక చూసింది. అది పెట్టినచోటే ఉంది. చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. సన్నగా, ఉక్కు మీద ఉలి చప్పుడు. కుర్చీ చేతికి వేలాడుతున్న బ్యాగులోంచి వస్తోంది.

మెట్టు మీద 'ఆపు' నొక్కింది ఆవిడ. చేత్తో పట్టుకుని, తిన్నగా చూసి, నిలబడి నొక్కింది. మరిది ముఖం మీద చేతులు తీసి బ్యాగు వంక చూశాడు. ఆ పట్టీలు గీసినవాడు కదా, అందరికంటే ముందు అర్థమైంది ఆయనకే. ఆపు పైన ఏముంటుందో ఆయనకి తెలుసు.

ఉలి చప్పుడు ఆగిపోయింది.

"ఏ స్టూలమ్మా?" అంది బ్యాగులోంచి డైరెక్టరు గొంతు.